స్టెప్నీకి కన్ను పెట్టించాను

మార్చి నెలలో పక్క తోటవాళ్ల కంచె బండ ఒకటి నా చేతిలో విరిగింది. చేతిలో అంటే బండి చేతిలో. వేంపల్లి దగ్గర మాకు ఆరెకరాల చీనీ తోట ఉంది. తారు రోడ్డు దిగాక తోటకు వెళ్లే దారికి రెండు వైపులా కడప బండలు నిలువుగా పాతిన కంచె ఉంటుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ట్రాక్టరుకు ట్రాలీ ఉంటుంది కాబట్టి ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. ఆ రోజూ అలాగే వెనక్కి వెళుతున్నాను. సెన్సారు కూసింది. కంచె వెంబడి పెరిగిన కంపకు కూడా అది రోజూ అలాగే కూస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. టప్పుమని చప్పుడు. దిగి చూస్తే బండ నడుముకు విరిగి ఉంది. స్టెప్నీ టైరు మీద గీత కూడా పడలేదు.

పక్క తోటాయన మంచివాడు. "బండ పోతే పోయింది టీచరమ్మా, మొన్నటిదాకా మా దూడను ఆ బండకే కట్టేసేవాళ్లం" అన్నాడు. నాలుగు వందలు పెట్టి కొత్త బండ పాతించాను. దూడ మాట మాత్రం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. బండికి వెనుక కెమెరా పెట్టించాలని అప్పుడే అనుకున్నాను, ఇది ఆ కథ.

నేను ముప్పై మూడేళ్లు ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బండి మా అబ్బాయిది, 2021 మోడల్ మహీంద్రా థార్. విదేశంలో ఉద్యోగం వచ్చి వెళుతూ, అమ్మేయమని తాళాలు నా చేతిలో పెట్టాడు. నేను అమ్మలేదు. ఎర్రటి ఎండలో బస్సు కోసం నిలబడి, దిగాక రెండు కిలోమీటర్లు నడిచిన ఏళ్లు నాకు చాలా ఉన్నాయి. ఈ బండికి నేలకూ అడుగుకూ మధ్య 226 మిల్లీమీటర్ల ఎత్తుంది, 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగి నడవగలదని కంపెనీ చెబుతుంది. వాన పడిన మర్నాడు మా దారిలో ఇది తప్ప మరొకటి పోదు. కాబట్టి బండి మీద ఫిర్యాదు లేదు. వెనుక తలుపుకు స్టెప్నీ మోసే ఏ జీపుకైనా ఉండే చిక్కే దీనికీ ఉంది.

ఆ చిక్కు ఎంతటిదో కొలిచి చూశాను. టైరు మీద 255/65 ఆర్ 18 అని రాసి ఉంటుంది. 18 అంగుళాల చక్రం, దానికి పైనా కిందా 255లో 65 శాతం చొప్పున రబ్బరు. కూడితే వ్యాసం దాదాపు 79 సెంటీమీటర్లు. అంత పెద్ద నల్లటి పళ్లెం వెనుక అద్దానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. మా వాకిట్లో బండి నిలిపి, పనిచేసే అమ్మాయి చేత స్టెప్నీకి సరిగ్గా వెనుక ఒక స్టీలు బిందె పెట్టించాను. నేను డ్రైవరు సీట్లో కూర్చుని లోపలి అద్దంలో చూస్తూ, "ఇంకొంచెం వెనక్కి జరుపు, ఇంకొంచెం" అంటూ ఉన్నాను. నలభై అడుగులు జరిపాక గేటు వచ్చింది. బిందె అప్పటికీ కనబడలేదు. పక్క అద్దాలు కుంభాకార దర్పణాలు. పక్కల్ని చక్కగా చూపిస్తాయి, నేరుగా వెనుక ఉన్నదాన్ని చూపించవు. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనుక సెన్సార్లు తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ సెన్సారు ఏదో ఉందని మాత్రమే చెబుతుంది, ఏముందో చెప్పదు. కంపకూ దూడకూ దాని దగ్గర ఒకటే కూత.

స్టెప్నీ అన్న మాట గురించి ఒక చిన్న ముచ్చట. వేల్స్ దేశంలో లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో ఆ వీధిలోని దుకాణంవాళ్లు కార్లకు అదనపు చక్రం తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరు చక్రానికి వచ్చి, చక్రంతో పాటు మన దేశానికీ వచ్చింది. ఆ మాట కడప మెకానిక్కు నోట పదిలంగా ఉంది.

ఇక అసలు విషయం. మొదటిసారి కెమెరా పెట్టించింది కడపలో కాదు. ఏప్రిల్‌లో పెళ్లికి వేరే ఊరు వెళ్లినప్పుడు, గాజు తలుపులు, చల్లని గాలి ఉన్న ఒక పెద్ద దుకాణంలో పెట్టించాను. ఊరి పేరు, దుకాణం పేరు ఇక్కడ అనవసరం. గంటలో పని ముగించారు. బంపరు ఎడమ మూలన రంధ్రం చేసి కెమెరా దూర్చారు. తీగను వెనుక తలుపు సందులోంచి, రబ్బరు అంచు కింద నుంచి లోపలికి లాగారు. ఇంటికొచ్చి చూసుకుంటే తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కెమెరా నేలకు మూరెడు ఎత్తులో ఉంది కాబట్టి వెనుక ఆగిన స్కూటరు తెర మీద లారీలా కనబడేది. బండి ఒక మూల నుంచి చూస్తుంటే రెండో మూల ఎక్కడుందో తెలిసేది కాదు. అన్నిటికంటే ఘోరం, కుడి పక్కనున్న గోడ తెర మీద ఎడమ పక్కన కనబడేది.

పదో తరగతి పిల్లలకు ఏటా పార్శ్వవిలోమం, అంటే అద్దంలో కుడిఎడమలు తారుమారైనట్టు కనబడటం గురించి చెప్పిన మనిషిని నేను. అద్దంలో మన కుడి చేయి అద్దానికి కుడివైపే ఉంటుంది. కెమెరా మాత్రం మన వీపు వెనుక నిలబడి వెనక్కి చూసే మనిషి లాంటిది. బండి కుడి దానికి ఎడమ అవుతుంది. అందుకని వెనుక కెమెరా బొమ్మను అడ్డంగా తిప్పి, అద్దంలో ఉన్నట్టుగా చూపించాలి. చాలా కెమెరాల తోకలో చిన్న తీగ వలయాలు రెండుంటాయి. ఒకటి కత్తిరిస్తే బొమ్మ తిరుగుతుంది, రెండోది కత్తిరిస్తే తెర మీది రంగు గీతలు పోతాయి. ఆ దుకాణంలో ఎవరూ దాని జోలికి పోలేదు. సరే, ఫోనులో అడిగి నేనే కత్తిరిద్దామనుకుంటుండగా మే నెలలో ఒక గాలివాన వచ్చింది. తలుపు అంచు కింద నలిగిన తీగలోకి నీళ్లు దిగాయి. తెర నీలమైపోయింది. ఆ దుకాణం చాలా దూరం. మళ్లీ వెళ్లలేదు.

కడపలో ఊరి చివర లారీల పనులు చేసే షెడ్ల వరుసలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. నేను ఐదు నక్షత్రాలు ఇస్తున్నది ఆయన పనికి. ఐదు అన్నాను గానీ ఒక అర నక్షత్రం కోత ఉంది, అది తర్వాత చెబుతాను. అరవై దాటిన మనిషి. వాళ్లబ్బాయి నా దగ్గర తొమ్మిదీ పదీ చదివాడు, ఆ సంగతి ఆయనే గుర్తుపట్టి చెప్పాడు. నేను భాయ్ అంటాను, ఆయన టీచరమ్మా అంటాడు.

"కెమెరా ఎక్కడ పెడతారు భాయ్?" అని అడిగాను.

"ముందు స్టెప్నీ విప్పనివ్వండి టీచరమ్మా. ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది."

స్టెప్నీ విప్పి గోడకు ఆనించి, దాన్ని మోసే ఇనుప చట్రం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. అద్దం పైన పెడదామా అన్నాను. పైనుంచి చూస్తే సగం తెర టైరే ఆక్రమిస్తుందన్నాడు. చక్రం బోల్టు కింద రేకు బిగించి దానికి కెమెరా పెడతారట కదా, ఫోనులో చూశాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "పాతిక కిలోల పైబడిన చక్రం. గుంతల్లో ఊగుతుంది. నట్టుకూ చక్రానికీ మధ్య రేకు పెడితే నట్టు వదులవుతుంది. రోడ్డు మీద చక్రం ఊడి వెనుక వచ్చేవాడి మీద పడితే కెమెరా ఏం చేస్తుంది, ఫోటో తీస్తుందా?" జిగురుతో అంటించేది తెచ్చానంటే నవ్వి, మే నెల ఎండలో తన షెడ్డు రేకు మీద చేయి పెట్టి చూడమన్నాడు.

చివరికి తేలింది ఇది. చక్రం మధ్యలో మూత ఉంటుంది, దాని కింద రంధ్రం. చట్రానికి ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ బిగించి, దానిమీద పొట్టి గొట్టం వెల్డింగు చేయించి, ఆ గొట్టం చక్రం మధ్య రంధ్రంలోంచి బయటికి వచ్చేలా చేశాడు. గొట్టం కొసన కెమెరా. కెమెరా తల రంధ్రం కంటే సన్నగా ఉంది కాబట్టి పంక్చరైన రోజు చక్రం దాని మీదుగా జారి వచ్చేస్తుంది, కెమెరా బండికే ఉండిపోతుంది. దీన్ని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, బజారులో దొరికే కొన్ని బిగింపుల్లో చక్రం విప్పాలంటే ముందు కెమెరా విప్పాలి, కెమెరా విప్పాలంటే తీగ తెంపాలి. రోడ్డు పక్కన చీకట్లో ఆ పని ఎవరు చేస్తారు?

గొట్టం పొడవు మీద ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. నేను బాగా బయటికి ఉండాలన్నాను, టైరు అడ్డం రాకూడదని. ఆయన టైరు అంచుతో సమంగా ఉంటే చాలన్నాడు. బయటికి పొడుచుకొస్తే మొదటి దెబ్బ దానికే తగులుతుందని ఒక కారణం. రెండో కారణం నాకు తర్వాత అర్థమైంది. తెర కింది అంచున టైరు వంపు నల్లగా కాస్త కనబడుతుంది. నా బండి ఎక్కడ ముగుస్తుందో ఆ వంపే చెబుతుంది. అమెరికా జీపు రాంగ్లర్‌లో 2018 మోడల్ నుంచి కంపెనీవాళ్లే స్టెప్నీ మధ్యలో కెమెరా పెట్టి పంపుతున్నారు. అదే ఏడాది మే 1 నుంచి ఆ దేశంలో కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి అయింది కూడా. భాయ్‌కి ఈ సంగతి చెబితే, "అయితే వాళ్లకూ చోటు అక్కడే దొరికిందన్నమాట" అన్నాడు.

మా అబ్బాయి స్టెప్నీకి తోడేలు బొమ్మ ఉన్న కవరు వేయించాడు. కెమెరా కోసం మధ్యలో రంధ్రం చేస్తే సరిగ్గా తోడేలు ముక్కు దగ్గర పడుతుంది. ఫోటో తీసి పంపి అనుమతి అడిగాను. రెండు రోజులు జవాబు రాలేదు. కవరు మడిచి అటక మీద పెట్టేశాను.

ఇప్పుడు తీగ సంగతి. ఈ పనిలో కెమెరా కొనడం ఎవరైనా చేస్తారు, తీగ లాగడంలోనే మనిషి తెలుస్తాడు. వెనుక తలుపు రోజుకు పదిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తలుపుకూ ఒంటికీ మధ్య తీగ ఎక్కడ దాటుతుందో అక్కడే దాని చావు. బండిలో కంపెనీవాళ్ల తీగలు దాటడానికి ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, ఏనుగు తొండంలాగా. అందులో అప్పటికే తీగలు కిక్కిరిసి ఉన్నాయి. భాయ్ దాని రెండు కొసలూ ఊడదీసి, సబ్బు నీళ్లు పోసి, సన్నని ఉక్కు తీగ దూర్చి, దాని కొసకు మా తీగ కట్టి నెమ్మదిగా లాగాడు. ఆ ఒక్క గొట్టానికే ముప్పావు గంట పట్టింది. నేను బయట కారం దోశ తిని, టీ తాగి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు తీగ బిగుసుకోకుండా లోపల కాస్త వదులు వదిలాడు. నా చేత తలుపు ఇరవైసార్లు తెరిపించి మూయించాడు, తాను ఆ వదులు మీద వేలు పెట్టి చూస్తూ.

కరెంటు రివర్స్ లైటు తీగ నుంచి తీసుకున్నాడు, గేరు వెనక్కి వేస్తేనే కెమెరా మేలుకునేలా. మధ్యలో చిన్న ఫ్యూజు. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. కడప ఎండకు నల్ల టేపు జిగురు కారి, తీగ బయటపడుతుందని ఆయన అనుభవం. అన్నీ అయ్యాక ఇంజను ఆన్ చేస్తే తెర మీద అడ్డ గీతలు పైకి పాకడం మొదలైంది. కెమెరా పోయిందనుకున్నాను. ఆయన తొణకలేదు. కెమెరా ఎర్త్ ఒకచోటా, తెర ఎర్త్ మరొకచోటా ఇచ్చినందుకు ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద బొమ్మలోకి వస్తోందని, రెండూ ఒకే చోటికి తెచ్చి బిగించాడు. గీతలు మాయం. తరగతిలో పొటెన్షియల్ భేదం గురించి ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

తెర విషయంలో నాది పాత బుద్ధి. డాష్‌బోర్డులో ఉన్న తెర జోలికి పోవద్దన్నాను. లోపలి అద్దం మీద తొడిగే 4.3 అంగుళాల అద్దం తెర కొన్నాను. మామూలుగా అది అద్దమే. వెనక్కి గేరు వేస్తే అద్దంలోంచి బొమ్మ తేలి వస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు నలభై ఏళ్లుగా నా కళ్లు ఎక్కడికి పోతాయో అక్కడే బొమ్మ ఉండటం నాకు హాయి. 1956లో బ్యూయిక్ కంపెనీ సెంచూరియన్ అనే ప్రదర్శన కారులో అద్దం బదులు వెనుక టీవీ కెమెరా పెట్టిందట. నా ఆలోచన అంత కొత్తదేమీ కాదు. దీనిలో లోపం ఒకటి: అదనపు బరువుకు అసలు అద్దం గతుకుల్లో తల దించేస్తుంది. భాయ్ సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కాడ దగ్గర ఇరికించాడు. చూడటానికి బాగుండదు, కానీ అద్దం కదలడం లేదు. మిట్టమధ్యాహ్నం వెలుగు నేరుగా పడితే బొమ్మ వెలవెలబోతుంది. దానికి మందు లేదు.

ఇంటికొచ్చాక నా పరీక్షలు నేను చేసుకున్నాను. వాకిలి కడిగి, స్టెప్నీ అంచు నుంచి ఒకటి, రెండు, మూడు మీటర్ల దూరంలో ముగ్గుపిండితో అడ్డ గీతలు గీశాను. వీధిలో వెళ్లేవాళ్లు పండగేమిటని అడిగారు. మీటరు గీత మీద 3.8 మీటర్ల వెడల్పు కనబడింది. కెమెరా నేలకు దాదాపు మీటరు ఎత్తులో ఉంది కాబట్టి లెక్క వేస్తే అడ్డంగా 107 డిగ్రీల చూపు. పెట్టె మీద 170 అని అచ్చు వేశారు. మూల నుంచి మూలకు కొలిచి చెప్పారేమో, అయినా అది ఉదారమైన కొలతే. నాకు 107 చాలు. ఇంకా వెడల్పు చూపిస్తే నిలువు బండలు విల్లులా వంగి, దగ్గరివి దూరంగా కనబడతాయి.

కెమెరా తన సొంత రంగు గీతలు వేస్తుంది, పచ్చ, పసుపు, ఎరుపు. వాటిని నా ముగ్గు గీతలతో పోల్చాను. ఎర్ర గీత వస్తే ఇక ఆగమని అర్థం కదా. నాకు ఎర్ర గీత దగ్గర ఇంకా మీటరున్నర ఖాళీ ఉంది. ఆ గీతలు ఏదో ఒక ఎత్తులో, ఏదో ఒక వంపులో కెమెరా ఉంటుందని అనుకుని వేసినవి. మన బండిని అవి చూడలేదు. మర్నాడు భాయ్ దగ్గరికి వెళ్లి ఆ వలయం కత్తిరించమన్నాను. గీతలు పోయాయి. తర్వాత మీటరు ముగ్గు గీత తెర మీద ఎక్కడ కనబడుతుందో అక్కడ అద్దం మీద ఎర్రటి బొట్టుబిళ్ల అంటించాను, చెరొక మూలన ఒకటి. ఏదైనా వస్తువు బొట్టుబిళ్లల వరుస దాటి కిందికి వస్తే బ్రేకు. చివరగా బిందె పరీక్ష. స్టెప్నీకి అడుగు దూరంలో పెట్టినా బిందె మూతి గుండ్రంగా కనబడింది.

రోజువారీ వాడకం నాలుగు నెలలుగా సాగుతోంది. తోట దారిలో ట్రాక్టరు వస్తే ఇప్పుడు గొణుక్కోకుండా వెనక్కి వెళుతున్నాను. కడప వై.వి. వీధిలో సాయంత్రం వేళ బండి తీయడం అసలు పరీక్ష. మనం గేరు వేసే క్షణానికి వెనుక ఒక మోటారు సైకిలు వచ్చి నిలబడి ఉంటుంది, దాని మీద మనిషి ఫోనులో మాట్లాడుతూ ఉంటాడు. ఇదివరకు పక్క దుకాణం కుర్రాడు వెనుక నిలబడి "రానీ, రానీ" అంటూ బండి మీద తట్టేవాడు. ఇప్పుడు ఆ మోటారు సైకిలు నంబరు కూడా కనబడుతోంది.

జులైలో చెల్లెలి కుటుంబంతో గండికోట వెళ్లాం. పెన్నేరు లోయ చూడటానికి వచ్చే కార్లన్నీ ఆ కోట ముఖద్వారం దగ్గర చిక్కుకుంటాయి. శత్రువు గుర్రాలు వేగంగా దూసుకు రాకుండా దారిని వంపులు తిప్పి కట్టారు. ఆ ఏర్పాటు ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది, పర్యాటకుల మీద. మేం సగం లోపలికి వెళ్లాక ఎదురుగా కారు వచ్చింది. వాళ్ల వెనుక మరో రెండు. రెండు పక్కలా రాతి గోడలు, వెనుక మలుపు. మా మరిది కంగారుగా దిగబోయాడు. అక్కర్లేదని చెప్పి, తెర చూస్తూ మెల్లగా మలుపు తిరిగి బయటపడ్డాను. అయితే ఒక మాట దాచను. ఆ మలుపులో వెనుకంతా చూస్తూ ముందు ఎడమ మూలను మరిచిపోయాను. గోడకు బెత్తెడు దూరంలో మా చెల్లెలు కేక వేస్తే ఆపాను. తెరలో తల దూర్చితే ముందు చక్రాలు పక్కకు ఊగుతాయన్న సంగతి మరుపుకొస్తుంది.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు దాటాక పంక్చరైంది, రాసిపెట్టినట్టు. మూత తీసి, నట్లు విప్పి లాగితే చక్రం కెమెరా మీదుగా జారి వచ్చేసింది. పోయిన చక్రాన్ని అదే చోట బిగించాం. కెమెరా గాజు మీద మరిది వేలిముద్ర ఒకటి తప్ప ఏ నష్టమూ లేదు.

ఇక ఇబ్బందులు. దుమ్ము అన్నిటికంటే పెద్దది. పెట్టెలా నిటారుగా ఉండే బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి, చక్రాలు లేపిన దుమ్మునంతా వీపు మీదికి లాక్కుంటుంది. మట్టి దారిలో మూడు కిలోమీటర్లు పోతే కెమెరాకు శుక్లం వచ్చినట్టే. తలుపు అరలో పాత నూలు చీర ముక్క పెట్టుకున్నాను, పొద్దున ఒకసారి, తోట నుంచి బయల్దేరేటప్పుడు ఒకసారి తుడుస్తాను. కెమెరా మీద ఐపీ 67 అని ఉంటే మొదటి అంకె దుమ్ము లోపలికి పోదని, రెండోది మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తడవదని చెబుతుంది. లోపలికి పోకపోవడం వేరు, బయట పేరుకోకపోవడం వేరు.

రాత్రి చూపు ఒక మోస్తరే. గాజు చుట్టూ ఉన్న చిన్న దీపాలు చీకట్లో దారి చూపిస్తాయని పెట్టె మీద రాశారు. స్టెప్నీ మధ్యలో కూర్చున్న కెమెరాకు ఆ దీపాలు చక్రం అల్లాయ్ మీద పడి, తిరిగి గాజులోకే వచ్చి తెరంతా పాలు పోసినట్టు తెల్లబడేది. భాయ్ వాటి మీద నల్ల రంగు పూసేశాడు. ఇప్పుడు రివర్స్ లైటు వెలుగే ఆధారం. ఊళ్లో చాలు, తోటలో చాలదు. అమావాస్య రాత్రి తోటలో అయితే నేను దిగి టార్చి వేసి చూసే ఎక్కుతాను. సాయంత్రం పడమటికి వెనుక పెట్టి తీసినా అంతే, సూర్యుడు తప్ప మరేమీ కనబడడు.

ఖర్చు చెబుతాను. కెమెరా 1,450, అద్దం తెర 2,300, పట్టీ, గొట్టం, వెల్డింగు కలిపి 600, తీగలూ ఫ్యూజూ 350, కూలి 1,200. మొత్తం 5,900 రూపాయలు. గాజు తలుపుల దుకాణంలో దీనికి దగ్గర దగ్గరగానే తీసుకుని, బంపరుకు ఒక రంధ్రం కానుకగా ఇచ్చారు. ఆ రంధ్రానికి భాయ్ రబ్బరు బిరడా పెట్టాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

అర నక్షత్రం కోత ఎందుకంటే, ఒక పూట పని అన్నాడు, రెండు రోజులు పట్టింది. మధ్యలో లారీ వస్తే మన బండి వదిలి దాని దగ్గరికి పోతాడు. లారీ ఆగితే సరుకు ఆగుతుందని ఆయన వాదన, కాదనలేం. పైకప్పు లోపలి గుడ్డ మీద నల్లటి బొటనవేలి ముద్ర ఒకటి మిగిల్చాడు. సబ్బు పెట్టినా పోలేదు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట వెనుక రాసిచ్చాడు.

మీ బండికి స్టెప్నీ వెనుక తలుపుకు కాకుండా అడుగున ఉంటే మీకు ఇంత తతంగం అవసరం లేదు, మామూలు కెమెరా సరిపోతుంది. వెనుక తలుపుకు ఉన్నవాళ్లు మాత్రం ఎవరి దగ్గర చేయించినా ముందు రెండు ప్రశ్నలు అడగండి: స్టెప్నీ విప్పితే కెమెరా ఎక్కడ ఉంటుంది, తీగ తలుపును ఎక్కడ దాటుతుంది. జవాబు చెప్పడానికి ముందే డ్రిల్లు మిషను చేతిలోకి తీసుకుంటే బండి ఎక్కి వచ్చేయండి. భాయ్ దగ్గరికే వెళ్లదలిస్తే పొద్దున తొమ్మిదికి ముందే వెళ్లాలి, లారీలు రాకముందు. శుక్రవారం వద్దు, నమాజుకు వెళితే తిరిగి వచ్చేసరికి మూడవుతుంది. సీటు మీద, పైకప్పుకు పాత దుప్పటి కప్పుకుని వెళ్లండి.

విరిగిన బండ రెండు ముక్కలూ నేనే తెచ్చుకున్నాను. పెద్ద ముక్క పంపు కింద వేయించాను. బట్టలు ఉతకడానికి బాగుందని పనిచేసే అమ్మాయి అంటోంది.